వేడినీళ్ల నిమిషాలు

వానాకాలం, 3వ రోజు

ఈ పుస్తకం నా సొంతం. వేడినీళ్ల గది గుమ్మానికి వేలాడే రిజిస్టరు గోడ శాఖవాళ్లది. అందులో పేరు, నిమిషాలు తప్ప మూడో ముక్క రాయకూడదు. నాకు నోరు ఊరుకోదు, చెయ్యి అసలే ఊరుకోదు. అందుకని మిగతాది ఇందులో రాస్తున్నాను. నా పేరు నాంచారమ్మ. సముద్రపు గోడ మీద ఏడో మైలు వేడినీళ్లు నా చేతిలో ఉన్నాయి, అంటే ఏడో మైలు శుభ్రమంతా నా చేతిలో ఉన్నట్టే.

ఇవాళ కూడా మబ్బే. కప్పు మీద నీళ్లు కాచే పలకలకి ఎండ తగిలి నాలుగు రోజులైంది. మనిషికి నాలుగు నిమిషాలే అని తలుపు మీద సుద్దతో రాశాను. మా మైలు పెద్ద అంకారావు అది చదివి, "దీనికి ముసలితనంతో పాటు పిసినారితనం కూడా వచ్చిందిరోయ్" అన్నాడు. నాకంటే మూడేళ్లు పెద్దవాడు. "వారానికోసారి తడిసే మనిషివి, నీకు నాలుగైతే ఏంది, నలభయ్యైతే ఏంది అన్నయ్యా" అన్నాను. నవ్వాడు. నవ్వులోంచి దగ్గు పట్టుకుంది. నవ్వు ఎప్పుడో అయిపోయింది, దగ్గు మాత్రం అతను మెట్లు దిగేదాకా వినిపించింది.

మధ్యాహ్నం డాక్టర్ షమీమ్ పడవ వచ్చింది. నెలకొకసారి గోడ పొడుగునా మైలు మైలుకీ ఆగుతూ వెళుతుంది. ఈసారి నేరుగా నా గదికొచ్చి రిజిస్టరు తిరగేసింది.

"నాంచారమ్మగారూ, ఇకమీదట నాకు ఈ రిజిస్టరే ముఖ్యం. ఎవరి నిమిషాలు పెరుగుతున్నాయో తప్పులేకుండా రాయండి. పొద్దున్నే వాంతులు, కడుపులో నొప్పి, వేడినీళ్ల కింద నిలబడితేనే ప్రాణం కుదుటపడటం. నాలుగో మైల్లో ఇద్దరు దీంతోనే పోయారు."

"ఏం జబ్బు డాక్టరమ్మా అది?"

"ఆకు జబ్బు. ఏళ్ల తరబడి రోజూ పీల్చేవాళ్లలో కొందరికి వస్తుంది. పూర్తిగా మానేస్తే పోతుంది. వేరే మందు లేదు."

ఆమె ముందు నవ్వలేదు గానీ, పడవ వెళ్లాక నవ్వాను. ఆకు అంటే గంజాయి. కింద ఊళ్లవాళ్లు ఆ పేరుతో పిలుస్తారు, మేం ఆకనే అంటాం. సముద్రం లోపలికొచ్చి ఈ గోడ కట్టిన ఏడు నుంచీ శాఖవాళ్లే బియ్యంతో పాటు రేషన్లో ఇస్తున్నారు. మనసు నిలకడగా ఉంటుందని, చెవి పదునుగా ఉంటుందని. వాంతి వచ్చినా, నిద్ర రాకపోయినా మా ఇళ్లలో మొదట తాగించేది ఆకు కషాయమే. వాంతిని ఆపేది వాంతి తెప్పిస్తుందట! చదువు ఎక్కువైతే ఇట్టాగే ఉంటుంది.

9వ రోజు

దేవి ఇవాళ పొద్దున కక్కింది. నిన్న కూడా కక్కిందట, నాకు చెప్పలేదు. దేవి నా కూతురు. ఇరవయ్యారేళ్లు. చెవికాపు పని. ఇనప చువ్వ ఒక కొన గోడకీ ఇంకో కొన చెవికీ ఆనించి, లోపల నీరు ఊరుతోందేమో వింటూ ఆరు గంటలు నడవాలి. యంత్రాలు పెట్టి చూశారు, ఉప్పుగాలికి ఏడాది నిలవలేదు. మనిషి చెవే నిలిచింది. ఏడో మైల్లో నలభై ఇద్దరం ఉంటే దేవి చెవికి సాటి వచ్చే చెవి ఇంకోటి లేదు. పోయినేడు రెండు మూరల లోతులో ఊట కనిపెట్టింది. తల్లిని కాబట్టి చెప్పడం లేదు, అంకారావే అందరి ముందూ చెప్పాడు.

కషాయం చిక్కగా కాచి ఇచ్చాను. అదీ కక్కింది. "వేడినీళ్లు పెట్టమ్మా, కడుపు పట్టేసింది" అంది. పెట్టాను. పదకొండు నిమిషాలు నిలబడి, మంచిగా నవ్వుతూ బయటికొచ్చింది.

నాలుగు రాయాలి, పదకొండయ్యాయి. కుళాయి మీద మీటరు ఉంటుంది. అది అబద్ధం ఆడదు, కానీ రోజు మొత్తమే చూపిస్తుంది, ఎవరికెన్నో చెప్పదు. అందుకని దేవికి నాలుగు రాసి, నాలుగు నా పేరు మీద, మూడు అంకారావు పేరు మీద రాశాను. అతను ఎలాగూ రాలేదు. పైగా రిజిస్టర్లో శుభ్రమైన మనిషి అయ్యాడు.

12వ రోజు

మా కాపలా మారేటప్పుడు అప్పగింత ఉంటుంది. దిగేవాళ్లు చిలుం ముట్టించి ఒక దమ్ము లాగి, చువ్వనీ చిలుమునీ కలిపి ఎక్కేవాళ్ల చేతికిస్తారు. "నా చెవి నీకిచ్చా" అంటారు. ఎక్కేవాళ్లు దమ్ము లాగి "తీసుకున్నా" అంటారు. దమ్ము పడకుండా చువ్వ చేతులు మారదు. ఎక్కేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి, మిగతావి ఇంటి దగ్గర ఎవరిష్టం వాళ్లది. దేవికి రోజుకి పది దాకా పడుతుంది.

దానికి మొదటి దమ్ము నేనే పట్టాను. అప్పుడు నేనూ చెవికాపునే. నా చెవి మందగించిన ఏడు, పద్నాలుగేళ్ల పిల్లని గోడ మీద నిలబెట్టి నా చువ్వ ఇచ్చాను. దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే "తీసుకున్నా" అంది. ఆ రోజు పరమాన్నం వండాను.

అప్పటి ఆకు వేరు. ఇప్పుడు షెడ్లలో పెంచేది నల్లరకం. పాతది నాలుగు దమ్ములు లాగితే ఎంతో ఇది ఒక దమ్ముకి అంత. నాకైతే నిన్న ఏం వండానో ఇవాళ గుర్తుండదు. ఈ పుస్తకం రాయడం మొదలుపెట్టింది కూడా అందుకే, ఒప్పుకుంటే తప్పేముంది.

ఇవాళ దేవికి పదిహేడు నిమిషాలు.

17వ రోజు

ఏసుపాదాన్ని కిందికి దించేశారు. పాతికేళ్లుగా చెవికాపు. మూడు నెలలుగా చువ్వలో చనిపోయిన భార్య మాటలు వినపడుతున్నాయని అంటున్నాడు. మొదట్లో నవ్వుకున్నారు. తరవాత ఆమె "ఇక్కడ తవ్వు" అంటోందని గునపం తీసుకుని గోడ తవ్వబోయాడు. శాఖ పడవ వచ్చింది, అతని చేతిలోంచి చువ్వ లాక్కున్నారు. కిందికి దిగినవాళ్లని మళ్లీ గోడ ఎక్కనివ్వరు. "అది ఒంటరిగా ఉందిరా, దాని మాట వినేవాణ్ణి, నన్ను దించుతారేందిరా" అని ఏడుస్తూ వెళ్లాడు.

దేవి మెట్ల మీద నిలబడి అంతా చూసింది. ఇంటికొచ్చాక, "అమ్మా, నా చువ్వ లాక్కుంటే ఇంక నేను దేనికి పనికొస్తానే?" అంది.

"నీకేమైందని లాక్కుంటారు? కడుపులో వేడి చేసింది అంతే" అన్నాను.

21వ రోజు

దేవికి ముప్పయ్యెనిమిది నిమిషాలు. తొమ్మిది మంది పేర్ల మీద సర్దాను. ఇద్దరు ముగ్గురు చన్నీళ్లు పోసుకుని పొమ్మంటే నన్ను తిట్టుకుంటూ పోయారు. తిట్టనీ.

తువ్వాలు ఇవ్వడానికి లోపలికి వెళ్లి చూశాను. పొట్ట మీద, నడుం మీద ఎర్రగా చారలు, వల ఆనించి తీసినట్టు. ఆ వేడికి నేనైతే చెయ్యి పెట్టలేను. అది కళ్లు మూసుకుని నిలబడి ఉంది. డొక్క ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"కాలిందే నీ ఒళ్లు!"

"కాలితే కాలనీ అమ్మా. కుళాయి కట్టెయ్యమాక. కట్టేస్తే మళ్లీ మొదలవుద్ది."

డాక్టరమ్మ మాటలు గుర్తొచ్చాయి. గుర్తు రాలేదని రాసుకుంటే బాగుండేది. వచ్చాయి. ఆమె మీద కోపం కూడా వచ్చింది. నా కూతురి ఒంట్లో ఏముందో ఎప్పుడో పడవలో వచ్చే మనిషికి తెలిసి నాకు తెలియకపోవడమేంటని. భయమేసినప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది.

24వ రోజు

మొన్నటి నుంచీ దేవి ఆకు ముట్టలేదు. నేనే మాన్పించాను. కాళ్లు నొప్పులని చెప్పి కాపలాకి సెలవు పెట్టించాను. దానికి తోడుగా నేనూ మానేశాను.

ఎంత ముద్దుగా రాస్తున్నానో. అసలైతే మా ఇంట్లో యుద్ధం జరుగుతోంది. దానికి నిద్ర లేదు, ఒళ్లంతా చెమటలు. నిన్న కంచం విసిరికొట్టింది. "నువ్వే కదే నా నోట్లో పెట్టింది! ఇప్పుడు నువ్వే లాక్కుంటావేందే?" అని అరిచింది. మెతుకులు ఏరుకుంటూ కూర్చున్నాను.

30వ రోజు

రాయడానికి కూడా భయంగా ఉంది, దిష్టి తగులుతుందేమోనని. దేవి చింతకాయ పులుసుతో రెండుసార్లు వడ్డించుకుంది. కడుపులో నిలిచింది. మూడు రోజులుగా వాంతి లేదు. ఇవాళ వేడినీళ్లు నాలుగు నిమిషాలు. నిజంగా నాలుగు. రిజిస్టర్లో నిజం రాసి ఎన్ని రోజులైందో, చెయ్యి తేలికైంది.

డాక్టరమ్మ మాట నిజమే. నేను నవ్విన నవ్వు నేనే మింగాను. ఎల్లుండి తరవాత ఆమె పడవ వస్తుంది. కాళ్ల మీద పడైనా సరే, ఏడో మైలు వాళ్లందరికీ చెప్పమని అడుగుతాను.

31వ రోజు

దేవి ఇవాళ కాపలాకి వెళ్లింది. ఇంకో నెల ఆగమన్నాను. "ఊట కాలం అమ్మా, వానలకి గోడ నానిపోయి ఉంది. అందరికంటే నా చెవి ఇప్పుడే కావాలి" అంది. అదీ నిజమే.

అప్పగింత దగ్గర నేనూ ఉన్నాను. దిగే మనిషి చువ్వనీ చిలుమునీ చాచింది. దేవి చువ్వ పట్టుకుని చిలుం వద్దంది. అంకారావు అడ్డం వచ్చాడు.

"ఏందమ్మా ఇది?"

"ఒంట్లో బాలేదు మావయ్యా. ఆకు పడటం లేదు. చెవి బానే ఉంది, చూడు."

"చెవి సంగతి కాదు తల్లీ. దమ్ము లేకుండా చువ్వ అందుకున్నోళ్లు ఈ గోడ మీద ఒక్కరు లేరు. ఇవాళ నిన్ను వదిలేస్తే రేపు ఇంకోళ్లు అడుగుతారు. పీల్చలేనోళ్లు కిందికి దిగొచ్చు, తప్పేం లేదు."

"అన్నయ్యా, అది చస్తుంది" అన్నాను. అందరి ముందూ అన్నాను.

అతను తల తిప్పుకుని దగ్గాడు. "ఆకుతో చచ్చినోళ్లని నేను చూళ్లేదు నాంచారమ్మా. గోడ పగిలి చచ్చినోళ్లని చూశా."

దేవి నావైపు చూసింది, కింద పొలాల వైపు చూసింది. ఏసుపాదం దిగిన మెట్లు అక్కడి నుంచి కనపడతాయి. చిలుం అందుకుంది. దమ్ము లాగి "తీసుకున్నా" అంది. సాయంత్రానికి ఆరు దమ్ములయ్యాయని అదే చెప్పింది. "ఒకటి పడ్డాక ఆగదమ్మా" అంది.

33వ రోజు

ఇవాళ నేను చేసిన పని ఉన్నదున్నట్టు రాస్తాను.

నిన్న సాయంత్రం నుంచి వాంతులు, ముందటికంటే ఎక్కువ. పొద్దున నలభై నిమిషాలు నీళ్ల కింద ఉంది. డాక్టరమ్మ పడవ కూత వినపడగానే దేవి నా చెయ్యి పట్టుకుంది. "చెప్పమాక అమ్మా. నీకు దణ్ణం పెడతా. దించేస్తారు. వానలు తగ్గాక నేనే మానేస్తా, ఒట్టు." బాయిలరు వెనక సందులోకి వెళ్లి పడుకుంది. శబ్దం రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుంది.

డాక్టరమ్మ రిజిస్టరు పేజీ పేజీ చూసింది. "ఎవరికీ పది దాటలేదు. ఏడో మైలు నయమండీ" అంది. ఆమె మొహంలో సంతోషం చూశాను. "మీ అమ్మాయి కనపడలేదే?"

"కాపలాలో ఉందమ్మా."

నా కూతురు అప్పుడు ఐదడుగుల దూరంలో ఉంది.

"అందరికీ ఇంకోసారి చెప్పండి. ప్రమాదమంతా వాంతులతో పోయే నీళ్లతో, లవణాలతో. మూత్రపిండాలు దెబ్బతింటాయి, గుండె లయ తప్పుతుంది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతారు. అలాంటివాళ్లకి సెలైను ఎక్కించాలి, ఇంట్లో అయ్యే పని కాదు. ఎవరైనా ఉంటే గోడ మీద ఎర్రగుడ్డ కట్టండి. రెండు రోజులు ఆరో మైల్లోనే ఉంటాను, ఒక గంటలో వచ్చేస్తాను." ఉప్పు చక్కెర పొట్లాలు పది ఇచ్చి వెళ్లింది.

35వ రోజు

పొట్లాలు ఒక్కటీ కడుపులో నిలవలేదు. మధ్యాహ్నం ఎర్రగుడ్డ పెట్టెలోంచి తీశాను. అది నా పాత చీర చెంగు. దేవి చూసి, "రేపటికి తగ్గకపోతే కట్టు. ఒక్క రోజే కదమ్మా" అంది. గొంతులో జీవం లేదు గానీ కళ్లు బతిమాలుతున్నాయి. దాని కాపలా ఇంకోళ్లకి ఇస్తారేమోనన్న దిగులు నాకూ ఉంది. దాచకుండా రాస్తున్నాను, నాకూ ఉంది.

గుడ్డ మడిచి మళ్లీ పెట్టెలో పెట్టాను.

36వ రోజు

పొద్దున పిక్కలు పట్టేశాయంది, వేళ్లు తిమ్మిరంది. నేను పరుగెత్తుకెళ్లి గుడ్డ కట్టాను. గాలికి బాగానే ఎగిరింది. ఆరో మైలు నుంచి ఎవరూ రాలేదు. రెండు రోజులు అయిపోయాయి, డాక్టరమ్మ పడవ ఐదో మైలు దాటి వెళ్లిపోయింది.

వెనక్కి వచ్చేసరికి దేవి తనే పాక్కుంటూ వెళ్లి కుళాయి తిప్పుకుంది. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "హాయిగా ఉందమ్మా" అంది. తువ్వాలు కోసం వెనక్కి తిరిగాను. పడిన చప్పుడైంది.

నీళ్లు ఇంకా వేడిగానే పోతున్నాయి. ఒళ్లు కూడా వేడిగానే ఉంది. అందుకని చాలాసేపు బతికే ఉందనుకుని రుద్దుతూ, పిలుస్తూ కూర్చున్నాను. అంకారావు వచ్చి కుళాయి కట్టేశాడు.

38వ రోజు

చనిపోయిన చెవికాపు చువ్వని ఇంటివాళ్లు కొత్తవాళ్లకి అప్పగించాలి. నా చేత చిలుం ముట్టించబోయారు. వద్దన్నాను. చువ్వ అక్కడ కింద పెట్టి వచ్చేశాను. ఎవరూ వెనక్కి పిలవలేదు.

అందరూ అంటున్నారు, దాని ఆయుష్షు అంతేనని, కడుపులో పుండు అయి ఉంటుందని. అంకారావు "మంచి చెవి పోయింది" అన్నాడు. నా కూతుర్ని ఆకు చంపింది. ఆకు మొదటిసారి నోటికందించింది నేను. చంపుతోందని తెలిశాక పదిమంది పేర్ల వెనక దాచింది కూడా నేనే.

40వ రోజు

ఎర్రసిరా తీసుకుని రిజిస్టరు మొదటి నుంచీ దిద్దాను. అంకారావు పేరు మీద మూడు కొట్టేసి, దేవి. నా పేరు మీద నాలుగు కొట్టేసి, దేవి. ఎవరి పేరు మీద ఎన్ని వేశానో ఈ పుస్తకం వెనక పేజీల్లో రాసుకోకపోతే ఒక్కటి కూడా గుర్తుండేది కాదు. మొత్తం దిద్దాక ఏ రోజుకా రోజు కూడిక వేశాను. దేవి, పదకొండు. దేవి, పదిహేడు. దేవి, ముప్పయ్యెనిమిది. చివరి రోజుకి, ఆ పొద్దున మీటరు చూపించిన అరవై రెండూ రాశాను. అందులో సగం అది పోయాక పారినవి. అయినా దాని పేరు మీదే రాశాను.

గుమ్మానికి వేలాడదీశాక జనం వచ్చి చదివారు.  ముగ్గురు మాత్రం చదివి, స్నానం చెయ్యకుండానే తువ్వాళ్లతో వెనక్కి తిరిగారు, వాళ్ల నిమిషాలూ లెక్కకొస్తాయని భయం కాబోలు. వాళ్ల పేర్లు విడిగా రాసి పెట్టుకున్నాను, డాక్టరమ్మకి చెప్పాలి.

52వ రోజు

ఇవాళ కాస్త ఎండ కాసింది. పదకొండు గంటలప్పుడు అంకారావు వచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా వేలాడుతోంది.

"నీళ్లున్నాయా?"

"ఉన్నాయి."

లోపలికి వెళ్లాడు. నేను గడియారం ముందు పెట్టుకుని బయట కూర్చున్నాను. నాలుగు అయ్యాయి, పది అయ్యాయి. లోపల్నుంచి వాంతి చప్పుడు వచ్చింది, వెంటనే నీళ్లు ఇంకా పెద్దగా తిప్పిన చప్పుడు. ఇరవై అయ్యాయి. నేను లేచి ఎర్రగుడ్డ తీసుకెళ్లి గోడ మీద కట్టి వచ్చాను. ఈ నెల డాక్టరమ్మ మా వైపు రావడానికి ఇంకా పదకొండు రోజులుంది. అయినా శాఖ పడవ ఏదైనా చూడొచ్చు.

బయటికి వచ్చేసరికి ముప్పయ్యయిదు. పొట్ట మీద అవే చారలు. తువ్వాలుతో కప్పుకున్నాడు గానీ, నాకు ఆ చారలు కొత్తవా.

పెన్ను నా చేతిలో చూసి ఆగాడు. చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూశాడు. ముప్పయ్యేళ్లుగా ఈ మైలుకి పెద్ద, నా ముందు చేతులు జోడించాడు.

"నాంచారమ్మా, నాలుగని రాయి. నీ కూతురికి రాసినట్టే నాకూ రాయి."

"అది బతికి ఉంటే నీకూ అట్టాగే రాసేదాన్ని అన్నయ్యా" అన్నాను. "రేపు పొద్దున్నుంచి చిలుం ముట్టమాక. ఒక నెల. నేను వచ్చి నీ పక్కన కూర్చుంటా. కంచాలు విసిరికొట్టినా కూర్చుంటా."

"మరి చువ్వ?"

"చువ్వ దమ్ము లేకుండా చేతులు మారుద్దని నువ్వు చెప్తే మారుద్ది. నువ్వే కదా పెద్దవి."

అతను మెట్ల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు. నాకు జాలి వేసింది, కోపం కూడా తగ్గలేదు. రెండూ ఉన్నాయి. అతను చూస్తుండగానే రిజిస్టరు తెరిచి రాశాను.

అంకారావు, ముప్పయ్యయిదు నిమిషాలు.